కంటికి అద్దం, వేడికి గోడ
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

కమిటీవాళ్లు "నీ పని గురించి పావుగంట మాట్లాడు" అన్నారు. ఆదోనిలో కార్ల రిపేరు షెడ్డు నడుపుతున్నాను. నాకు ఉపన్యాసాలు రావు. అందుకని షెడ్డులో రోజూ చేసే ఒక చిన్న పని గురించే చెబుతాను. అందులో మన సైన్సు సారు చెప్పిన పాఠం ఉంది కాబట్టి ఈ సభలో చెప్పొచ్చనుకున్నాను.

మార్చి పోతూనే షెడ్డుకొచ్చే బాడుగ కార్ల పిల్లలందరిదీ ఒకటే మాట: "ఏసీ ఏస్తే బండి లాగల్యాదన్నా." ఊరు దాటి రోడ్డెక్కితే బాగానే పోతుంది. రైల్వే గేటు దగ్గర పది నిమిషాలు ఆగి కదిలితే మాత్రం బండి బరువెక్కినట్టుంటుంది. శ్రావణంలో ఎండ తగ్గినా ఈ ఫిర్యాదు తగ్గదు. సోమవారం, గురువారం ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి కర్ణాటక నుంచి, తెలంగాణ నుంచి వచ్చే బండ్ల మధ్య మొదటి గేరులో పాకుతూ పోవాలి కదా. ముందు నుంచి గాలి తగలదు. బానెట్ కింద పొయ్యి మీద మూత పెట్టినట్టే.

ఇంజిన్ పెట్రోలు ఒక్కటే తాగుతుందనుకుంటాం. అది తినేదాంట్లో ఎక్కువ భాగం గాలే. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. 1200 సీసీ ఇంజిన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతూ, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంటే, లెక్క ప్రకారం నిమిషానికి 1200 లీటర్ల గాలి పీలుస్తుంది. ఊరికే కూర్చున్న మనిషికి నిమిషానికి 6 నుంచి 8 లీటర్లు చాలు. అంటే ఈ షామియానా కింద కూర్చున్న 150 మందిమి పీల్చే గాలి ఆ చిన్న ఇంజిన్ ఒక్కటే పీలుస్తుందన్నమాట.

ఇక్కడ సారు చెప్పిన చార్లెస్ నియమం అక్కరకొస్తుంది. గాలి వేడెక్కితే వ్యాకోచిస్తుంది. లీటరు లీటరే, లోపలి సరుకు తగ్గుతుంది. బయట 40 డిగ్రీలుంది, బానెట్ కింద ఇంజిన్ పీల్చే గాలి 65 డిగ్రీలైంది అనుకుందాం. రెండింటికీ 273 కలపండి: 313, 338. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.926. నూరు పాళ్లు రావలసిన చోట తొంభై రెండున్నర పాళ్లే వస్తోంది. కొత్త ఇంజిన్లలో ఇంకో సంగతి కూడా ఉంది. లోపలికొచ్చే గాలి మరీ వేడిగా ఉంటే, నాకింగ్ రాకుండా కంప్యూటరు స్పార్కును ఆలస్యం చేస్తుంది. అదీ కొంత బలం తింటుంది. పిల్లోడు చెప్పింది ఉత్త భ్రమ కాదు.

మొన్న ఎండాకాలంలో మన బడిలోనే చదివిన ఒక తమ్ముడు వచ్చాడు. కారు కంతుల మీద కొన్నాడు. ఆ కారే వాళ్లింటికి అన్నం. ఎవరో చెప్పారంట, కంపెనీ ఫిల్టరు పెట్టె తీసేసి, గరాటులాంటి ఫిల్టరు బయటికి కనపడేలా బిగిస్తే బండి గుర్రంలా పోతుందని. అప్పు చేసి తెచ్చుకున్నాడు కూడా. నేను బిగించనన్నాను. పెట్టె లేకుండా బోడిగా నిలబెడితే ఆ ఫిల్టరు పీల్చేది రేడియేటరు వెనక ఉడికిన గాలినే. శబ్దం పెరుగుతుంది కాబట్టి బలం పెరిగినట్టు అనిపిస్తుంది, అంతే. పైగా మన రోడ్ల మీద ఎంత దుమ్ము లేస్తుందో మీకు చెప్పక్కర్లేదు. సరిగా వడకట్టని సన్న మట్టి లోపలికి పోతే పిస్టన్ రింగులు, సిలిండరు గోడలు ఆకురాయితో రాసినట్టు అరిగిపోతాయి. ఇంజిన్ విప్పితే ఆ పిల్లోడి కంతులు ఎవరు కట్టాలి? "పెట్టె తియ్యొద్దు, దానికీ ఇంజిన్‌కూ మధ్య ఒక గోడ కడదాం రా" అన్నాను.

ఆ గోడే ఇది. (నమూనా చూపిస్తూ) పారదర్శకమైన ప్లాస్టిక్. అవతల నా ముఖం మీకు కనిపిస్తోంది. "అద్దంలా ఉన్నది వేడినేం ఆపుతుందన్నా?" అని అందరూ అడుగుతారు. ఎనిమిదో తరగతి పిల్లలు ఇద్దరు ముందుకు రండమ్మా. ఈ ఇస్త్రీపెట్టె కాలి ఉంది, ముట్టుకోవద్దు. పక్క నుంచి జానెడు దూరంలో అరచెయ్యి పెట్టండి. సెగ తగులుతోందా? ఇప్పుడు మధ్యలో ఈ షీటు పెడుతున్నా. ఇస్త్రీపెట్టె కనిపిస్తూనే ఉంది, సెగ పోయింది కదా! కంటికి కనిపించే వెలుగు ఈ షీటులోంచి పోతుంది. వేడి ఇనుము నుంచి వచ్చే పరారుణ కిరణాల తరంగదైర్ఘ్యం ఎక్కువ. వాటిని ఇది పోనివ్వదు, తనే పీల్చుకుంటుంది. ఎండలో నిలబెట్టిన కారు లోపల ఉడికిపోవడానికి ఇదీ ఒక కారణం: వెలుగు అద్దంలోంచి లోపలికొస్తుంది, లోపలి సెగకు అదే అద్దం గోడ. కాసేపటికి షీటు తనూ వేడెక్కుతుంది, అందుకే ఫిల్టరు పెట్టెకు అంటించకూడదు. మధ్యలో గాలి ఆడాలి.

రేకు పెట్టొచ్చు కదా అంటారు. పెట్టొచ్చు, సెగను తిప్పికొట్టడంలో అల్యూమినియం రేకే మేలు. నేను ప్లాస్టిక్ ఎందుకంటానంటే, వెనక ఏముందో కనిపిస్తుంది. మనది పత్తి సీమ. ఆదోని యార్డుకు సరుకు వచ్చే రోజుల్లో దూది పింజలు గాలిలో తేలుతూ వచ్చి బానెట్ కింద చేరతాయి. ఎలుకలు ఆ దూదితోనే గూడు కడతాయి. వేడి ఇంజిన్ పక్కన ఎండు దూది అంటే నిప్పు పక్కన పెట్రోలే. రేకు వెనక గూడు కట్టినా తెలియదు. దీని వెనకైతే బానెట్ ఎత్తగానే తెలుస్తుంది.

ఏ ప్లాస్టిక్ అన్నది ముఖ్యం. కూల్‌డ్రింకు సీసాల ప్లాస్టిక్ సుమారు 75 డిగ్రీలకే మెత్తబడుతుంది, అది పనికిరాదు. దుకాణాల బోర్డులకు వాడే అక్రిలిక్ 105 దాకా ఓర్చుకుంటుంది గానీ, రంధ్రం వేస్తే పుటుక్కున చీలుతుంది. పాలికార్బొనేట్ మెత్తబడేది 147 డిగ్రీల దగ్గర, సుత్తితో కొట్టినా పగలదు. మూడు మిల్లీమీటర్ల మందం చాలు. షెడ్ల పైకప్పుకు వేసే బోలు షీటు కాదు, గట్టి షీటు తీసుకోండి. దేన్నైనా పెట్రోలు గుడ్డతో తుడవడం మా మెకానిక్కుల అలవాటు. దీన్ని మాత్రం తుడవొద్దు, పెట్రోలు తగిలితే పాలికార్బొనేట్ బీటలు వారుతుంది. సబ్బునీళ్లు వాడండి.

ముందు అట్టతో కొలత తీసుకోండి. అట్టకు మూడుసార్లు కత్తిరి పెట్టినా నష్టం లేదు. మడత మరీ పదునుగా వద్దు. బోల్టు కంటే రంధ్రం రెండు మిల్లీమీటర్లు పెద్దది వేసి, రబ్బరు వాషరు పెట్టండి, ఎందుకంటే అడుగు పొడవు షీటు 50 డిగ్రీలు వేడెక్కితే ఒక మిల్లీమీటరు సాగుతుంది. బిగించేది బాడీకి, ఇంజిన్‌కు కాదు, ఇంజిన్ ఊగుతుంది. అంచులకు డోరు బీడింగు తొడగండి. బానెట్ తగులుతుందేమో చూడ్డానికి మా ఇంటామె చెప్పిన ఉపాయం: షీటు అంచు మీద జొన్నపిండి ముద్ద పెట్టి బానెట్ మూసి తెరవండి. ముద్ద ఎంత అణిగిందో చూస్తే సందు ఎంతుందో తెలిసిపోతుంది. మేనిఫోల్డ్ కొన్ని వందల డిగ్రీలు కాలుతుంది, దానికి జానెడు దూరం కంటే దగ్గరగా ప్లాస్టిక్ రావద్దు. అక్కడ రేకే.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ముందు వైపు నుంచి చల్లగాలి వచ్చే దారి మూయొద్దు. గాలి పీల్చే మూతిని చల్లదనం కోసం కిందికి దించనూ వద్దు. వానాకాలంలో వంక పారుతుంటే బండి దింపేవాళ్లం మనం. మూతి కిందుంటే ఇంజిన్ నీళ్లు మింగుతుంది. నీళ్లు గాలిలా నలగవు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. వారంటీలో ఉన్న బండి జోలికి అసలు పోవద్దు.

దీనివల్ల మైలేజీ పెరుగుతుందా అంటే, పెరగదు. అలా చెప్పి అమ్మేవాళ్లను నమ్మొద్దు. పెట్రోలు ఇంజిన్ నిదానంగా పోయేటప్పుడు చల్లగాలి వల్ల పెట్రోలు మిగలదు. చలి దేశాల్లో పాత కార్బురేటరు కార్లకు మేనిఫోల్డ్ దగ్గరి వేడిగాలినే కావాలని పెట్టేవాళ్లు, లేకుంటే లోపల మంచు గడ్డకట్టేది. దారి ఖాళీగా ఉండి వేగంగా పోతుంటే కూడా ఈ గోడ ఉన్నా లేకున్నా పెద్ద తేడా లేదు. రద్దీలో ఆగి కదిలేటప్పుడే తేడా. అదీ కొలిచి చూసుకోవాలి. ఓబీడీ స్కానరు పెడితే లోపలికొచ్చే గాలి ఎన్ని డిగ్రీలో ఫోనులో కనపడుతుంది. అదే దారి, అదే వేళ, షీటుతో ఒకసారి, లేకుండా ఒకసారి. ఆ తమ్ముడు నాలుగు రోజులు అలా తిప్పి, కాగితం మీద రాసుకొచ్చి, అప్పుడు ఒప్పుకున్నాడు. గరాటు ఫిల్టరు వాపసిచ్చేశాడు.

హెడ్మాస్టరు సారుకు ఒక మనవి. ఈ షీటు, ఇస్త్రీపెట్టె, రెండు థర్మామీటర్లు బడి సైన్సు గదికి ఇచ్చిపోతున్నాను. ఇస్త్రీపెట్టె వైరు కొత్తదే వేయించాను. పిల్లలు ముట్టుకునేటప్పుడు పక్కన పెద్దవాళ్లు ఒకరు ఉంటే చాలు.