గినియా పిగ్ దత్తతకి అంత పెద్ద ఫామ్ ఎందుకు?

గత నెల పెంపుడు జంతువుల ఖర్చుల మీద ఒక వీడియో చేశాం కదా, దాని కింద అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్న ఒక తమ్ముడు ఇలా అడిగాడు: "అన్నా, రూమ్‌లో ఒక్కడినే ఉంటున్నా. కుక్కని పెంచే టైమ్ లేదు. గినియా పిగ్‌ని రెస్క్యూ నుంచి తెచ్చుకుందామంటే జాబ్ అప్లికేషన్ కంటే పెద్ద ఫామ్ ఇచ్చారు. పెట్ షాప్‌లో అయితే పది నిమిషాల పని. షాప్‌లోనే కొనేయనా?"

కొనేయద్దు తమ్ముడూ. ఎందుకో ఈ రోజు ఆ ఫామ్‌లో ఉండే ప్రశ్నలనే పట్టుకుని చెప్తాను. ఇంకా చాలామందికి ఇదే డౌట్ ఉండొచ్చు.

ముందు అసలు ఇదేం జంతువో చూద్దాం. మన దగ్గర దీన్ని చూసి "తెల్ల ఎలుకా?" అంటారు. కాదు. పేరులో పిగ్ ఉన్నా పందీ కాదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల దగ్గర వేల ఏళ్ల నుంచి మనుషులు పెంచుకుంటున్న జంతువు. కిలో అటూ ఇటూ బరువుంటుంది. ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడు వింటే చాలు, "వీక్ వీక్" అని ఇల్లంతా లేపుతుంది. చూడ్డానికి బొమ్మలా ఉంటుంది. అసలు చిక్కంతా అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే బొమ్మ అనుకునే పిల్లలకి కొనిస్తారు.

ఫామ్‌లో మొదటి ప్రశ్న: "ఒకటి కావాలా, రెండా?" చాలా రెస్క్యూలు ఒక్కదాన్ని ఇవ్వవు. ఇది గుంపులో బతికే జీవి. స్విట్జర్లాండ్‌లో అయితే 2008లో వచ్చిన నిబంధనల ప్రకారం గినియా పిగ్‌ని ఒంటరిగా పెంచకూడదు. మనం ఎంత ముద్దు చేసినా, దాని భాషలో మాట్లాడే తోడు ఇంకో గినియా పిగ్ మాత్రమే. తమ్ముడూ, నీ ఒంటరితనం పోవడానికి ఇంకో ప్రాణిని ఒంటరిగా పెట్టకూడదు కదా.

మరి షాప్‌లోనే రెండు కొంటే? అక్కడ ఇంకో సమస్య ఉంది. చిన్నప్పుడు ఆడా మగా గుర్తుపట్టడం కష్టం. "రెండూ ఆడవే సార్" అని ఇస్తారు. మగపిల్ల మూడు వారాల వయసుకే తండ్రి కాగలదు. ఆడది నెల వయసుకే కడుపుతో ఉండొచ్చు. రెండు నెలల పైన కొద్ది రోజులకి ఈనుతుంది, ఈనిన కొన్ని గంటల్లోనే మళ్లీ కడుపు రావచ్చు. లెక్క మీరే వేసుకోండి. రెండు కాస్తా ఆరవుతాయి, ఆరు ఇంకా పెరుగుతాయి. ఒక రోజు అట్టపెట్టెలో పెట్టి షెల్టర్ గుమ్మం ముందు వదిలేస్తారు. షెల్టర్లలో గినియా పిగ్స్ ఉండటానికి ఇదొక పెద్ద కారణం. రెస్క్యూ వాళ్లు ఆడా మగా చూసి, జబ్బులు చూసి, ఒకదానితో ఒకటి కలిసిపోయిన జంటని చూసి మరీ ఇస్తారు. అంటే టెస్టింగ్ మొత్తం ముందే అయిపోయి మన చేతికి వస్తుందన్నమాట.

రెండో ప్రశ్న: "కేజ్ ఎంత పెద్దది?" షాప్‌లో అమ్మే చిన్న కేజ్‌లు చాలవు. రెండింటికి కనీసం ఏడున్నర చదరపు అడుగులు కావాలి, పది ఉంటే ఇంకా మంచిది. ఎత్తు ముఖ్యం కాదు, నేల ముఖ్యం. ఇవి ఎక్కవు, పరిగెడతాయి.

మూడోది: "ఏం పెడతారు?" తిండిలో ఎక్కువ భాగం ఎండుగడ్డే ఉండాలి. అమెరికాలో తిమోతి గడ్డి దొరుకుతుంది. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. ఇంకోటి, మనలాగే వీటికీ విటమిన్ సి ఒంట్లో తయారవ్వదు. రోజూ క్యాప్సికం ముక్క, కొంచెం కొత్తిమీర లాంటివి పెట్టాలి.

నాలుగోది: "దగ్గర్లో ఎగ్జాటిక్ వెట్ ఉన్నారా?" కుక్కల్ని చూసే డాక్టర్లందరూ వీటిని చూడరు. ఒక పూట తినడం మానేసిందంటే రేపు చూద్దాంలే అనుకోకూడదు, అది ఎమర్జెన్సీ. ఇంట్లో ఉంది కదా అని అమాక్సిసిలిన్ లాంటివి అస్సలు వేయద్దు, ప్రాణం పోతుంది.

ఇక చివర్లో ఉండే ప్రశ్న. అందరికీ చిరాకు తెప్పించేది ఇదే: "మీరు ఊరు మారాల్సి వస్తే వీటి సంగతేంటి?"

మా అక్కా బావా డల్లాస్ వైపు ఉండేవాళ్లు. మా మేనకోడలు కోసం రెస్క్యూ నుంచి ఒక జంటని తెచ్చుకున్నారు. బుజ్జి, పండు. అప్పుడు అక్క కూడా ఫోన్‌లో నాతో "వీసా ఇంటర్వ్యూలో కూడా ఇన్ని అడగలేదురా" అంది. రెండేళ్లు బాగానే గడిచింది. తర్వాత బావ జాబ్ పోయింది. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకి తెలుసు, చేతిలో ఉండేది 60 రోజులే. ఇల్లు, కారు, స్కూలు అన్నీ అమ్మకానికో క్యాన్సిల్‌కో పెట్టారు. ఇండియాకి తీసుకురావడం కుదిరే పని కాదు. సోఫాకి కొనేవాడు దొరికాడు, బుజ్జీ పండూ ఎవరికి ఇవ్వాలో తెలియలేదు.

అప్పుడు అక్క ఆ పాత కాగితాలు తీసి చూసింది. అందులో ఒక షరతు ఉంది: పెంచలేని పరిస్థితి వస్తే ఎవరికీ ఇచ్చేయకూడదు, తిరిగి మాకే అప్పగించాలి. ఫోన్ చేస్తే ఒక్క మాట అనకుండా వచ్చి తీసుకెళ్లారు. మా మేనకోడలు వాటికి ఇష్టమైనవి కాగితం మీద రాసి కేజ్‌కి అంటించింది. వీళ్లు హైదరాబాద్ వచ్చిన కొన్ని వారాలకి ఒక ఫోటో వచ్చింది. కొత్త ఇంట్లో రెండూ కలిసే ఉన్నాయి. పిల్ల ఏడ్చింది, కానీ రాత్రి నిద్రపోయింది. నన్నడిగితే ఆ పెద్ద ఫామ్ విలువ అది. షాప్ వాడు మనకి బిల్లు ఇస్తాడు. ఆ ప్రాణికి మన తర్వాత కూడా ఒక అడ్రస్ ఉండేది రెస్క్యూ దగ్గరే.

కాబట్టి తమ్ముడూ, ఇవి ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతాయి. నీ కోర్సు, ఓపీటీ, లాటరీ అన్నీ ఆ లోపే వస్తాయి. ఎక్కడుంటావో నీకే తెలియనప్పుడు ఫోస్టర్‌గా ఉంటానని అడుగు. చాలా రెస్క్యూలకి ఫోస్టర్ ఇళ్లు కావాలి. డాక్టర్ ఖర్చు మామూలుగా వాళ్లే చూసుకుంటారు. కొన్ని వారాలో నెలలో నీ దగ్గర ఉంటాయి, తర్వాత శాశ్వతమైన ఇంటికి వెళ్తాయి. నీకు తోడు దొరుకుతుంది, వాటికి దారి దొరుకుతుంది. అయితే ముందు ఇంటి లీజులో పెట్స్‌కి పర్మిషన్ ఉందో లేదో చూసుకో.

ఇక్కడ తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకి ఒక మాట. ఇవి చల్లటి కొండల జంతువులు. 27 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడతాయి, వడదెబ్బకి చనిపోతాయి కూడా. మన ఏప్రిల్, మే ఎలా ఉంటాయో మీకు చెప్పాలా? పగలంతా చల్లగా ఉండే గది లేకపోతే ఆ ఆలోచన మానేయండి. గది ఉంటే, కొనే ముందు మీ ఊళ్లో ఎవరైనా పెంచలేక ఇచ్చేస్తున్నారేమో వాకబు చేయండి.

మీలో ఎవరైనా దత్తత తీసుకున్నా, ఫోస్టర్ చేసినా కామెంట్‌లో రాయండి. ఆ ఫామ్‌లో మీకు కష్టంగా అనిపించిన ప్రశ్న ఏంటో కూడా చెప్పండి, వేరేవాళ్లకి పనికొస్తుంది. వచ్చే వారం ఇంకో టాపిక్‌తో కలుద్దాం. ఉంటాను.