పట్టుకున్న సీసం ఎక్కడికి పోతుంది?

పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు నీటిశుద్ధి పరిశోధనలోకి వెళ్తారు గనుక నేరుగా అక్కడికే వస్తాను. సీసం, కాడ్మియం మరిగిస్తే పోవు. సూక్ష్మజీవులూ వాటిని విరగ్గొట్టలేవు. అవి మూలకాలు. నశించవు, చోటు మారతాయంతే. అందుకే నీటిలోంచి ఎంత తీశామన్నది సగం ప్రశ్న, తీసింది ఎక్కడ పెట్టామన్నది మిగతా సగం. పరిశోధన పత్రాల్లో మొదటి సగానికే ఎక్కువ చోటు దక్కడం నాకు బాధ కలిగిస్తుంది.

మొక్కల సెల్యులోజ్‌ను కొద్ది నానోమీటర్ల మందం పోగులుగా విడదీసి, వాటిపై కార్బాక్సిల్ సమూహాలు ఏర్పరిస్తే, ఆ సమూహాల రుణావేశం సీసం, కాడ్మియం అయాన్లను పట్టి ఉంచుతుంది. అమెరికాలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో బెంజమిన్ షావో బృందం జనపనార నుంచి నైట్రిక్ ఆమ్లం వాడి ఇలాంటి పోగులు తీసింది. నార మొక్కదే కానీ, ఆమ్లం మొక్కది కాదు. మిగిలిన ఆమ్లద్రావణాన్ని తటస్థపరిచి నైట్రేట్ ఎరువుగా మలచవచ్చని కూడా వారు ఆలోచించారు. ఆ పోగుల కంటే ఈ లెక్కే నాకు గొప్పగా తోస్తుంది. ప్రయోగశాలలో పనిచేసింది మన బోరునీళ్లలో పనిచేయదని కొందరంటారు. ఆ మాటలో నిజముంది: కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం అదే చోటుకు పోటీపడతాయి. ఆర్సెనిక్ అయితే నీటిలో తరచు రుణావేశంతోనే ఉంటుంది, ఈ పోగులకు అంటదు. ఐఐటీ మద్రాసులో ప్రదీప్ బృందం దానికోసం ఇనుప సమ్మేళనపు నానోకణాలను కైటోసాన్‌లో ఇమిడ్చింది. కైటోసాన్ మొక్కలది కాదు, రొయ్యల పెంకుల వంటి వాటినుంచి వచ్చేది. పదార్థాన్ని ఎంచుకోవాల్సింది లోహాన్ని చూసి.

ఇంటింటికీ ఫిల్టర్ ఇస్తే చాలదా అని అడుగుతారు. తాగునీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాము సీసం మించకూడదని మన ప్రమాణం. ఆ హద్దుకు ఫిల్టర్ చేర్చవచ్చు. కానీ వాడేసిన ఫిల్టర్లు చెత్తకుప్పకు చేరితే వానకు సీసం మళ్లీ నేలలోకి దిగుతుంది. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థజలాలు నక్కవాగు మీదుగా మంజీర నదిని చేరిన చరిత్ర మనది. 1990లోనే అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అలాంటి చోట ఈ పోగులుండాల్సింది ఊరి కుళాయి దగ్గర కాదు, కార్ఖానా గొట్టం దగ్గర. అక్కడ లోహం గాఢంగా ఉంటుంది, బాధ్యుడెవరో తెలుస్తుంది, పట్టినదాన్ని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపే చట్టమూ ఉంది. బెంగాల్‌లోలా నేలలోనే ఆర్సెనిక్ ఉన్నచోట ఊరి ఫిల్టర్ తప్పదు. అప్పుడు వాడేసింది తిరిగి సేకరించడం ఒకరికి జీతమిచ్చి అప్పగించే పని కావాలి. మీ తొలి పత్రంలో గ్రాము పదార్థం ఎన్ని మిల్లీగ్రాముల లోహం పట్టిందో రాసే పట్టికలోనే, తిరిగి వాడేందుకు ఆ పదార్థాన్ని ఏ ఆమ్లంతో ఎన్నిసార్లు కడిగారో, ఆ కడుగునీరు ఎటు వెళ్లిందో చెప్పే వరుస ఒకటి చేర్చండి.