శివారు సంఘములో మనము



మెదకు దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. కరువు రోజులలో పాస్నెట్ దొరగారు కల్పించిన ఆ పనిలో రాళ్లు మోసి అన్నము తిన్నవారి మునిమనుమలు మనలో ఉన్నారు. తరువాత కర్మాగారములు పిలువగా మన తండ్రులు బాలానగరు, రామచంద్రాపురము, పటాన్‌చెరు వైపు వచ్చిరి. కాని సభ్యత్వమును ఊరిలోనే ఉంచి వచ్చిరి. మనమును అట్లే ఉంచితిమి. చందా అక్కడ, కోత పండుగ కానుక అక్కడ, పెండ్లి అక్కడ. ఇక్కడ ఆదివారము గంటన్నర ఆరాధన మాత్రమే. ఆశీర్వాదము ముగియకముందే చెప్పులు వెదకుకొనువారము మనమే గదా!

మొన్న వేసవిలో మన సంఘపు పెద్దమ్మ యొకతె ప్రభువునందు నిద్రించినది. మనకు ఇక్కడ సమాధి స్థలము లేదు. రాత్రికి రాత్రి అంబులెన్సులో ఊరికి తీసికొనిపోతిమి. వెంట వెళ్లినది ఏడుగురమే.

స్థలము కొనుటకు చందా పుస్తకము నేడు తెరచుచున్నాము. సభ్యత్వ బదిలీకి గురువుగారికి చెప్పండి. శుక్రవారపు గృహ ప్రార్థనకు పొరుగింటి విశ్వాసిని పేరు పెట్టి పిలువండి.

ఆ పెద్దమ్మ పదునొకండేండ్లు మన వెనుక వరుసలోనే కూర్చున్నది. ఆమెది ఏ ఊరో మనలో అనేకులకు ఆ రాత్రి బండి ఎక్కినప్పుడే తెలిసినది.