గృహబీమా – వరదసీమ వారికి దానితో గల పని
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము పుస్తకములను చెదల నుండియు, తేమ నుండియు కాపాడుచు వచ్చినది. ఇచ్చట ప్రతి పుస్తకమునకు అట్ట కలదు, సంఖ్య కలదు, చిట్టాలో పేరు కలదు. ఒకటి పోయినచో ఏది పోయినదో, దాని వెల యెంతయో క్షణములో తెలియును. ఆ శ్రద్ధలో పదియవ వంతైనను గృహస్థులు తమ యిండ్ల విషయమున చూపుచున్నారా యనునదే నేటి ప్రశ్న.

శ్రీకాకుళము ఆంధ్రవిష్ణువు కొలువైన క్షేత్రము. కళింగయాత్రలో ఇచ్చట ఏకాదశి ఉపవాసమున్న శ్రీకృష్ణదేవరాయలకు స్వామి కలలో కనుపించి కావ్యము రచింపుమని ఆనతిచ్చిన సంగతి ‘ఆముక్తమాల్యద’ అవతారికయే చెప్పుచున్నది. ఆ కావ్యముననే రాయలు వానకాలపు పల్లెబ్రతుకును కన్నులకు కట్టినట్లు వర్ణించెను. ఐదువందల యేండ్లు గడచినను ఆ కడగండ్లు పూర్తిగా తీరలేదు. ఒక ప్రక్క కృష్ణ, మరొక ప్రక్క సముద్రము. నడుమ కరకట్టను నమ్ముకొని బ్రతుకు సీమ యిది.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచినపుడు సుమారు ముప్పదివేల మంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో సుమారు పదివేల ప్రాణములు పోయినవి. అటు పిమ్మట తుపాను హెచ్చరికలు, ఆశ్రయ భవనములు, ముందుగా జనులను తరలించుట అలవడినవి. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజి నుండి 11.10 లక్షల క్యూసెక్కులును, 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షల క్యూసెక్కులును దిగువకు వచ్చి లంకలను ముంచినవి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల వద్దను, 2025 అక్టోబరు 28న మొంథా తుపాను నరసాపురము చెంతను తీరము దాటినవి. ఈ వరదలలో, తుపానులలో మరణములు మునుపటితో పోల్చరానంత తక్కువ. ప్రాణములు కాపాడుకొనుట జనులు నేర్చిరి. కూలిన యింటిని మరల నిలుపుకొనుట మాత్రము ఇంకను నేర్వలేదు.

ఇల్లు కూలినవాడు మొదట చూచునది ప్రభుత్వము వంక. అది తప్పు గాదు. కాని ఆ సాయపు కొలత యెంతయో తెలిసియుండవలెను. 2022–26 కాలమునకు కేంద్రము నిర్ణయించిన విపత్తు సహాయ నియమముల ప్రకారము మైదాన ప్రాంతమున పూర్తిగా కూలిన యింటికి 1,20,000 రూపాయలు. పాక్షికముగా దెబ్బతిన్న పక్కా యింటికి 6,500, కచ్చా యింటికి 4,000. గుడిసె పోయినచో 8,000. 2024లో బుడమేరు విజయవాడను ముంచినపుడు రాష్ట్ర ప్రభుత్వము నేల అంతస్తు మునిగిన కుటుంబమునకు 25,000, పై అంతస్తుల వారికి 10,000 ప్రకటించెను. కుట్టుమిషను పోయినవానికిని, కుక్కిమంచము పోయినవానికిని రేటు ఒక్కటే. సాయము దయతో వచ్చును గనుక పోయిన సొత్తు యొక్క లెక్క అడుగదు. బీమా ఒడంబడికతో వచ్చును. అందులో పుచ్చుకొనువాడు యాచకుడు గాడు, హక్కుదారుడు.

ఈ భావము పరదేశము నుండి దిగుమతి యైనదని కొందరందురు. యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయమున అప్పు తీసికొని అడవిదారిని పోవు వర్తకుడు నూటికి పది, సముద్రముపై పోవువాడు నూటికి ఇరువది వడ్డీ యీయవలెనని యున్నది. అపాయము హెచ్చిన కొలది వెల హెచ్చునను సూత్రము పూర్వులెరిగినదే. అపాయమును పలువురు పంచుకొనిన ఒక్కని నడ్డి విరుగదనునది దానికి చేర్చిన రెండవ సూత్రము. ఈ రెండును కలిసినదే బీమా.

బందరు పట్టణమునకు ఈ వ్యాపారము క్రొత్త గాదు. 1923లో అచ్చట ఆంధ్రా బ్యాంకు స్థాపించిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పిరి. తెలుగువారి సొమ్ము తెలుగువారి ఆపదకు అక్కరకు రావలెనని వారి తలంపు. 1956లో జీవిత బీమా జాతీయమైనది. 1973 జనవరి 1 నుండి సాధారణ బీమాయు జాతీయమై నూట యేడు కంపెనీలు నాలుగింటిలో కలిసినవి. 2000 నుండి ప్రైవేటు వారికి మరల ద్వారము తెరచిరి. విదేశీ పెట్టుబడికి గల హద్దును 26 నుండి 49కి, 49 నుండి 74 శాతమునకు పెంచి, 2025 డిసెంబరులో పార్లమెంటు నూటికి నూరు శాతమునకు అనుమతించెను. కంపెనీలు హెచ్చగును, సొమ్ము వచ్చును. ఆ సొమ్ము లంక గ్రామము దాక నడచునా యనునదే విచారింపదగినది.

నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్ 1 నుండి ప్రతి సాధారణ బీమా కంపెనీయు ‘భారత్ గృహ రక్ష’ అను ఒకే తీరు పాలసీని అమ్మవలెనని శాసించినది. అగ్ని, పిడుగు, భూకంపము, తుపాను, వరద, ముంపు వలన ఇంటికి కలుగు నష్టము దీని క్రిందకు వచ్చును. ఇందులో మూడు మేలులు గుర్తుంచుకొనదగినవి.

మొదటిది: వెనుకటి పద్ధతిలో పది లక్షల యింటికి ఐదు లక్షలకే బీమా చేసి, రెండు లక్షల నష్టము వచ్చినచో, సగము విలువకే బీమా యున్నదని సగము నష్టమే, అనగా లక్షయే యిచ్చెడివారు. గృహ రక్షలో ఈ కోత లేదు. రెండవది: ఇంటికి బీమా చేసినచో ఆ మొత్తములో ఇరువది శాతము, పది లక్షలు మించకుండ, ఇంటిలోని సామాన్లకు వేరు ప్రీమియము లేకయే రక్షణ దొరకును. మూడవది: పాలసీని పదేండ్ల వరకు ఒక్కసారిగా తీసికొనవచ్చును, అట్లు తీసికొనినచో బీమా మొత్తము ఏటేట పది శాతము పెరుగును. బీమా మొత్తమును కట్టుబడి వ్యయమును బట్టి నిర్ణయింతురు. స్థలము వెల అందులో చేరదు. నేల వరదలో కొట్టుకొనిపోదు గదా యని వారి తర్కము. నది కోతకు గురియైన లంకవాసి ఈ తర్కమునకు నవ్వును; ఆ నష్టము ఈ పాలసీ తీర్చునది కాదు.

ఇంత యుండియు పల్లెలలో గృహబీమా ఏల అరుదు? ప్రీమియము భారము కారణము గాదు. పది లక్షల యింటికి అది సాధారణముగా ఏడాదికి కొన్ని వందల రూపాయలే. అసలు కారణము కాగితము. ఒక ఆస్తి పోయినచో తనకు నష్టము కలుగునని చూపగలవాడే దానికి బీమా చేయించుకొనగలడు. పూర్వము గ్రామ లెక్కలలో పొలమునకు సర్వే నంబరు కలదు, అడంగలులో వరుస కలదు, శిస్తు కలదు. ఇండ్లున్న గ్రామకంఠము మాత్రము ఒక్క ముద్దగా వ్రాయబడెను. తరతరములుగా కాపురమున్న యింటికి అనుభవమే తప్ప పత్రము లేదు. సర్కారుకు శిస్తు కావలసి పొలము కొలిచిరి. ఇంటిని కొలువవలసిన అవసరము వారికి తోచలేదు. 2020 ఏప్రిల్ 24న కేంద్రము ప్రారంభించిన ‘స్వామిత్వ’ పథకము డ్రోనులతో గ్రామ నివాస స్థలములను కొలిచి యజమానికి ఆస్తిపత్రమీయ నుద్దేశించినది. ఆ పత్రము వచ్చువరకు ఇంటిపన్ను రసీదు, విద్యుత్తు బిల్లు భద్రపరచుకొనుట మేలు. తాటాకు, గడ్డి, వెదురుతో కట్టిన యిండ్లను బీమా పత్రములు ‘కచ్చా కట్టడము’ అని వేరుచేయును. ఎవని యిల్లు ముందుగా కూలునో వానికే రక్షణ కష్టమగుట ఈ వ్యవస్థలోని పెద్ద లోపము. ఇక 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తుల జీవిత, ఆరోగ్య బీమాలపై పన్ను తీసివేసిరి. గృహబీమాపై మాత్రము 18 శాతము నిలిచియున్నది. తల దాచుకొను గూటిపై పన్నును గూర్చి పాలకులు మరల ఆలోచింపవలెను.

పంట విషయము ఒక్క మాటలో చెప్పవలెను. ఫసల్ బీమాలో ఖరీఫ్ ఆహారపంటలకు రైతు వాటా 2 శాతము. వరిచేను ముంపును స్థానిక విపత్తుల పట్టిక నుండి 2018లో తొలగించిరి. డెల్టా రైతుకు అది గొడ్డలిపెట్టు. 2026 ఖరీఫ్ నుండి మరల చేర్చుదుమని 2025 నవంబరులో కేంద్ర వ్యవసాయశాఖ ప్రకటించెను. నష్టమును 72 గంటలలో తెలుపవలెనను నియమమును రైతు మరువరాదు.

దూరదేశపు ఆపద ఈ సీమ ప్రీమియమును ఎట్లు తాకునని సందేహింపవచ్చును. బీమా కంపెనీలును తమ భారములో కొంత ఇతర సంస్థల వద్ద బీమా చేయును. దీనిని పునర్బీమా యందురు. భారతమున జి.ఐ.సి. 2000 నుండి ఈ పనియే చేయుచున్నది. ప్రపంచమున ఎచ్చట పెద్ద నష్టము వచ్చినను ఆ వెల కొంత అందరికిని సోకును. అమెరికాలోని కాలిఫోర్నియాలో కార్చిచ్చుల భయమున స్టేట్ ఫార్మ్ కంపెనీ 2023 మే నెలలో క్రొత్త గృహబీమాలు నిలిపివేసెను. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ ఇండ్లు వేలకొలది కాలిపోయినవి. అచ్చటి తెలుగు బిడ్డలకు ఇంటి అప్పుతో పాటు బీమాయు తప్పదు. అది దొరకుటయే నేడు కొన్నిచోట్ల గగనమైనది. అపాయము హెచ్చినచోటి నుండి కంపెనీ తొలగిపోవుట అచ్చట కనుపించినది. రేపు కోస్తా యందు అట్లు జరుగకుండ ప్రభుత్వము ముందుగా కట్టడి చేయవలెను. నాగాలాండు ప్రభుత్వము 2024లో, వర్షము నిర్ణీత కొలత దాటగనే సొమ్ము ఖజానాకు వచ్చునట్లు రాష్ట్రము పేరనే బీమా తీసికొన్నది. ఉప్పెనల సీమ గల ఆంధ్రమునకు అట్టి యోచన మరింత తగును.

కంపెనీలపై ఫిర్యాదులు లేకపోలేదు. ఆలస్యము చేయుదురు, అంచనా తగ్గింతురు, చిన్న అక్షరములలో నియమములు దాచుదురు. వారు పంపు సర్వేయరు గొలుసు పట్టి పొలము కొలుచువాడు గాడు; నష్టము లెక్కగట్టువాడు. అతడు వచ్చునప్పటికి బురద కడిగి, విరిగినవి పారవేసిన యింటిలో అతనికి కనుపించునదేమి? కనుక వరద తీయగనే కబురు చేయవలెను, ఫొటోలు తీయవలెను, ఆ పిమ్మటనే శుభ్రము చేయవలెను. అన్యాయము జరిగెనని తోచినచో కంపెనీకి వ్రాసి, అప్పటికిని తీరనిచో బీమా అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండ మొరపెట్టుకొనవచ్చును.

కావలసినవి రెండు పనులు. ఒకటి: ప్రతి యింటికి ఒక చిట్టా. గోడలు, పైకప్పు, బీరువా, మోటారు, మిషను, వాని వెల, కొన్న యేడు – ఒక నోటు పుస్తకములో వ్రాసి, నకలు వేరొక ఊరిలోని బంధువు వద్ద ఉంచవలెను. దస్తావేజులకును, వ్రాతప్రతులకును, రొక్కమునకును గృహ రక్ష పరిహారమీయదు గనుక వానిని వరద యెక్కని చోట భద్రపరచవలెను. రెండవది: ఈ గ్రంథాలయము నందే ఏటేట వేసవిలో, వానలు దిగకముందు, ఒక దినము కేటాయించి చదువు రాని వారికి ఈ చిట్టా వ్రాసి పెట్టవలెను, పాలసీ చదివి వినిపింపవలెను. తుపాను హెచ్చరిక వినిపించిన పిమ్మట పరుగెత్తుటలో ఫలము లేదు.

సంపాదించుట యోగము, సంపాదించినది నిలుపుకొనుట క్షేమము. పెద్దలు ఈ రెండింటిని కలిపి యోగక్షేమమనిరి. డెల్టా రైతు మొదటిదానిలో ఎవనికిని తీసిపోడు. రెండవదానికి కావలసినది ఒక నోటు పుస్తకము, ఒక కలము. ఆ రెండును ఈ గ్రంథాలయములో ఇరువదియైదేండ్లుగా కలవు.