నాపరాయి చలి – నేల కింద వెచ్చదనం
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్లలో చాలావాటికి తాండూరు నాపరాళ్లే నేల. వేసవిలో ఆ బండల మీద నడుం వాలిస్తే ప్రాణం లేచివస్తుంది. పుష్యమాసం తెల్లవారుజామున మాత్రం కాలు మోపాలంటే జంకుతాం. చలి దేశాల్లో ఉన్న పిల్లలు "మనింట్లోనూ నేల కింద హీటింగ్ పెట్టిద్దాం నాన్నా" అంటున్నారు. విద్యుత్ పని తెలిసినవాడిగా నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఇది కొత్త సంగతి కాదు. కొరియావారు వెనకటికే పొయ్యి పొగను రాతినేల కిందుగా పోనిచ్చి గదులు వెచ్చచేసుకున్నారు. దాన్ని 'ఓండోల్' అంటారు. ఇప్పుడు పొగకు బదులు గొట్టాల్లో వేడినీరు, లేదా విద్యుత్ తీగ.

ఇల్లంతా ఒకే స్విచ్చి కింద పెట్టకూడదు. ఎండపొడ తగిలే గది, ఎండ ఎరుగని స్నానాలగది ఒకటి కావు. అందుకే ఇంటిని జోన్లుగా విడదీసి, ఒక్కో జోనుకు ఒక్కో థర్మోస్టాట్ పెడతారు. దాన్ని ఎండపడే గోడకో, పొయ్యి దగ్గరో బిగిస్తే గది వెచ్చగా ఉందనుకుని మోసపోతుంది.

మన చలి ఏడాదిలో రెండు మూడు నెలల మాట. ఇల్లంతా వేడిచేయడం దండగ. స్నానాలగది, మంచం పక్క జాగా చాలు. చదరపు మీటరుకు 150 వాట్ల చొప్పున రెండు మీటర్లకు 300 వాట్లు. రెండు గంటలు నడిస్తే 0.6 యూనిట్. రాయి నిదానంగా వేడెక్కుతుంది కనుక మనం లేవకముందే మొదలయ్యేట్టు టైమరు ఉండాలి. తీగ కింద వేడిని ఆపే పొర లేకపోతే చాలా వెచ్చదనం భూమికే పోతుంది. పరిచిన బండలు ఇందుకోసం పీకించకండి. కొత్తగా కట్టేటప్పుడో, మరమ్మతప్పుడో ఆలోచించండి.

అసలు మాట చివర చెబుతున్నాను. షుగరు ఉన్న మనలో చాలామందికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. నేల కాలుతున్నా తెలియదు. కాబట్టి కాళ్లను నమ్ముకోవద్దు. నేలలోనే సెన్సరు పెట్టించి హద్దు కట్టించండి. యూరప్ ప్రమాణాల్లో నేల వేడి గదుల్లో 29 డిగ్రీలు, స్నానాలగదిలో 33 డిగ్రీలు దాటరాదు. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపుల బ్రేకరు, మంచి ఎర్తింగు లేకుండా స్నానాలగదిలో తీగ వేయనివ్వకండి.

ఇవన్నీ అమర్చే స్తోమత లేకుంటే దిగులు పడనక్కరలేదు. ఇంట్లో తొడుక్కునే జారని చెప్పుల జత మంచం పక్కనే ఉంచుకోండి. పెన్షను డబ్బుకూ, పాదాలకూ అది క్షేమం.