చేతులతో చదువు

పుట్టుకతో వినపడని బిడ్డకు ముందుగా ఏం కావాలి? భాష కావాలి. నోటి మాట తర్వాతి సంగతి. సైగల భాషకూ సొంత వ్యాకరణం ఉంది. తెలుగును చేతులతో చూపించడం కాదది.

అయినా 1880లో ఇటలీలోని మిలాన్‌లో చేరిన బధిర విద్యా బోధకులు బడుల్లో సైగలు వద్దని తీర్మానించారు. తీర్మానించినవాళ్లలో దాదాపు అందరూ వినపడేవాళ్లే! ఆ ప్రభావం తరాల పాటు పిల్లలను పట్టి పీడించింది.

సైగలు నేర్పితే మాట రాదని మన ఊళ్లలో ఇప్పటికీ భయపడతారు. ఆ భయం వద్దు. సైగలు మాటను అడ్డుకోవు. బిడ్డతో పాటు నాయనమ్మా, అన్నా నేర్చుకోవాలి. బడిలో వచ్చిన భాష ఇంట్లో ఎవరికీ రాకపోతే బిడ్డ ఎవరితో ముచ్చట పెట్టాలి?

మిర్యాలగూడలో వినికిడి లోపమున్న పిల్లలకు ప్రభుత్వ రెసిడెన్షియల్ పాఠశాల ఉంది. పాలమూరు, నల్లగొండ జిల్లాల మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, వైకల్యం నలభై శాతమో అంతకు మించో ఉన్న పిల్లలకు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా చదువు ఉచితం. దగ్గరి బడా, ప్రత్యేక బడా, ఎంపిక మీదే.

చప్పుడుకు బిడ్డ తిరిగి చూడటం లేదా? పెద్దయితే అదే వస్తుందని ఊరుకోకండి. జిల్లా ఆసుపత్రిలో చెవి పరీక్ష చేయించండి. భవిత కేంద్రం ఎక్కడుందో మండల విద్యాధికారి కార్యాలయంలో అడగండి.