రాళ్ల ఇన్‌స్పెక్టరు గారు

(సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆయన అసలు పేరు సర్వీసు రిజిస్టరులో ఉంది. మనందరికీ మాత్రం ఆయన ‘రాళ్ల ఇన్‌స్పెక్టరు గారు’. ఆ పేరు పెట్టింది నేనే. వెటకారానికి పెట్టాను. ఆ మాట ఒప్పుకోవడానికే ఈ రోజు మైకు ముందుకు వచ్చాను.

ఆయన కృష్ణా డెల్టా కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టరు. నేను సెక్షన్ ఆఫీసులో గుమాస్తాను. ఆదివారం వస్తే మేము పేకాటకు కూర్చునేవాళ్లం. ఆయన సైకిలు క్యారియరుకు బకెట్టు, బ్రష్షు, కాగితాల చుట్ట కట్టుకుని పల్లెల వెంట పోయేవారు. గుడి ముందు పడివున్న శాసనం రాయిని శుభ్రంగా కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేలా బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్ది అచ్చు తీసేవారు. దాన్ని మైసూరులోని కేంద్ర పురావస్తు శాఖ వారి శాసన విభాగానికి పంపేవారు. పోస్టు ఖర్చు సొంత జీతంలోంచే. ఆ జీతంతో ఇల్లు నడిపిన వదినగారికి కూడా ఆ పుణ్యంలో సగం చెందుతుంది.

“ఎందుకండీ ఈ అవస్థ?” అని ఒకసారి అడిగితే భట్టిప్రోలు సంగతి చెప్పారు. అక్కడి బౌద్ధ స్తూపాన్ని పందొమ్మిదో శతాబ్దంలో తవ్వి, ఇటుకలు రోడ్డుకు, పాలరాతి పలకలు వెల్లటూరు తూముకు వాడేశారు. ఆ తరువాత 1892లో అలెగ్జాండర్ రీ మిగిలిన దిబ్బను తవ్వితే, ధాతువులు దాచిన రాతి కరండాలు బయటపడ్డాయి. వాటి మీది బ్రాహ్మీ రాతలను బ్యూలర్ పండితుడు చదివి 1894లో ప్రకటించాడు. కుబీరకుడనే రాజు పేరు అలా మనకు తెలిసింది. “మిగిలిన దాంట్లోనే ఇంత ఉంటే, తూములో పోయిన దాంట్లో ఏముందో! మనమూ తూములు కట్టేవాళ్లమే కదండీ” అన్నారాయన. నేను నవ్వి ఊరుకున్నాను.

1977 నవంబరు తుఫానుకు గట్లు దెబ్బతిన్నాయి. మరుసటి వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు రిపేర్లు హడావిడిగా సాగుతున్నాయి. రాయి అందడం లేదు. ఒక ఊళ్లో పాడుపడిన గుడి దగ్గర స్తంభం ఉందని, దాని మీద అక్షరాలున్నాయని, ఇన్‌స్పెక్టరు గారు వచ్చేదాకా ఆగాలా అని లస్కరు వచ్చి అడిగాడు. ఆయన సెలవులో ఉన్నారు. “రాయికి కూడా పర్మిషనా? కానివ్వండి” అన్నాను.

ఆయన వచ్చేసరికి సగం స్తంభం ముక్కలై గట్టు రివిట్‌మెంటులో చేరిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. మిగిలిన సగానికి ఎండలో కూర్చుని అచ్చు తీసుకున్నారు. సాయంత్రం టీ కొట్టు దగ్గర మాత్రం మెల్లగా చెప్పారు: “గుళ్లో అఖండ దీపానికి ఎవరో ఆవుల్ని దానమిచ్చారండీ. ఎవరిచ్చారో ఆ పోయిన ముక్కలో ఉంది.”

వందల ఏళ్లు నిలిచిన ఒక దాత పేరు నా నోటి మాటతో కాలువ గట్టులో కలిసిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పై ఆదివారం వెళ్లి బకెట్టు నేను పట్టుకుంటానన్నాను. ఆయన నవ్వి, “రండి, నీళ్లు దూరం నుంచి మోయాలి” అన్నారు. రిటైరైన తరువాత కూడా, మోకాళ్లు మొరాయించేదాకా ఇద్దరం తిరిగాం.

గుడి బాగుచేస్తామంటూ శాసనాల మీద సున్నం, రంగులు కొట్టడం, మిషనుతో అక్షరాలు అరగదీయడం చూసి ఆయన చాలా బాధపడేవారు. ధర్మకర్తలతో పోట్లాడేవారు కాదు. ఆ శాసనంలో వాళ్ల ఊరి పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించేవారు. ఊరి పేరు కనబడ్డాక రాయిని ముట్టుకోనిచ్చేవారు కాదు ఆ ఊరివాళ్లు.

మిత్రులారా, ఆయన రాసుకున్న పదకొండు నోటుబుక్కులు వదినగారి ట్రంకు పెట్టెలో ఉన్నాయి. చెదలు పట్టకముందే వాటికి నకళ్లు తీయించే పని మన సంఘం చేపట్టాలని కోరుతున్నాను. నా వంతుగా ఒక నెల పెన్షను ఇస్తున్నాను. అలాగే, మీ మీ ఊళ్లలో అక్షరాలున్న రాయి కనబడితే పగలనివ్వకండి, రంగు వేయనివ్వకండి. మనవడి చేత సెల్‌ఫోనులో ఫొటో తీయించి పురావస్తు శాఖకు తెలియజేయండి.

ఆయనకు మనం వేసే అసలైన దండ అదేనని మనవి చేస్తూ, సెలవు తీసుకుంటున్నాను.